బాయిల్‌లో నలభై రెండు రోజులు

(మదనపల్లెలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన సభలో రిటైర్డ్ టీచరమ్మ ఒకరు చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేసినది.)

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. రండమ్మా, మొహమాటపడకండి.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. మార్గరెట్ కజిన్స్ పేరు విననివాళ్లు ఈ హాల్లో ఎవరైనా ఉన్నారా? ఉంటే చెయ్యెత్తండి. ఒక్క చెయ్యీ లేవలేదు. చాలా సంతోషం. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ్ ఠాగూర్ మన బిసెంట్ కాలేజీకి వచ్చి జనగణమన పాడారు. ఆ పాటకు ఆమె స్వరలిపి రాశారు. ఠాగూర్ దాన్ని ఇంగ్లీషులోకి మార్చిందీ ఈ ఊళ్లోనే. ఇది మన పిల్లలందరికీ తెలుసు. ఇప్పుడు రెండో ప్రశ్న. ఆమె ఏ ఊరి ఆడపడుచు? ఎవరో ఐర్లండ్ అన్నారు. ఐర్లండ్ దేశం నాయనా. ఊరేది?

చూశారా? వందేళ్లు దాటినా ఆమెను మన మనిషి అని చెప్పుకుంటున్నాం, పుట్టినిల్లు మాత్రం ఎవరమూ అడగలేదు. నేనూ అడగలేదు. ముప్పై నాలుగేళ్లు బళ్లో పాఠం చెప్పాను, ప్రతి ఆగస్టు 15కి పిల్లల చేత ఆ పాట పాడించాను. ఆమె 1878లో బాయిల్ అనే ఊళ్లో పుట్టిందని రిటైరయ్యాక చదివాను. మా ఆయనతో అన్నాను, మనం ఆ ఊరికి వెళ్దాం అని. చూసి రావడానికి కాదు, వెళ్లి కొన్నాళ్లు ఉందాం అని. ఆయన బ్యాంకులో చేసి రిటైరయ్యారు, లెక్కల మనిషి. "ఎన్నాళ్లు?" అని మాత్రం అడిగారు.

ఐర్లండ్ వీసాలో పర్యాటకులకు తొంభై రోజుల దాకా ఉండే వీలుంది. ఇక్కడ ఒక మాట, వెళ్లాలనుకునేవాళ్లకు పనికొస్తుంది. ఐర్లండ్ ఒకే వీసాతో తిరిగే యూరప్ దేశాల కూటమి షెంగెన్‌లో లేదు. ఫ్రాన్స్‌కో జర్మనీకో తీసుకున్న వీసా అక్కడ చెల్లదు, విడిగా తీసుకోవాలి. ఒక్కసారి వెళ్లి రావడానికి ఫీజు అరవై యూరోలు. మేము నలభై రెండు రోజులు అనుకున్నాం. ఈ 2025 జూన్ 14న వెళ్లి, జులై 25న ఊరు వదిలాం.

డబ్లిన్‌లో కొనలీ స్టేషన్ నుంచి స్లైగో వెళ్లే రైలు ఎక్కితే రెండున్నర గంటల ప్రయాణం. దారంతా పచ్చిక, ఆవులు, గొర్రెలు, రాళ్లు పేర్చిన గోడలు. స్టేషన్‌లో దిగితే పలకమీద ఊరి పేరు రెండు భాషల్లో ఉంది. పైన వాళ్ల భాష, కింద ఇంగ్లీషు. ఐరిష్‌లో ఆ పేరుకు నది ఒడ్డు మఠం అని అర్థం. జనాభా మూడు వేలలోపు. మన లెక్కలో ఓ మాదిరి పల్లె. కానీ అక్కడ రైల్వే స్టేషను ఉంది, లైబ్రరీ ఉంది, ఎనిమిది వందల ఏళ్లు దాటిన రాతి కట్టడం ఉంది. నది ఊరి మధ్య నుంచే పోతుంది.

మొదటి వారం ఏం చేశామని అడుగుతారా? ఏమీ చేయలేదు. నిజంగానే. పొద్దున నది వెంట నడక, పేపరు కొట్టు, లైబ్రరీ, వంట. రాత్రి పది దాటినా వెలుతురు పోదు. జూన్‌లో అక్కడ పది గంటలకు సూర్యాస్తమయం. మా ఆయనకు మొదటి నాలుగు రోజులు నిద్ర పట్టలేదు, కిటికీకి దుప్పటి కట్టుకున్నాం. రోజూ చినుకులు. తడిసీ తడవని ఆ జల్లును వాళ్లు సాఫ్ట్ డే అంటారు. మెత్తని రోజు! వానను తిట్టుకోకుండా ముద్దుగా పిలుచుకునేవాళ్లను చూడడం నాకు కొత్త. కాదు, తప్పు చెప్పాను. మనమూ తిట్టం కదా, వానొస్తే మనకు పండగే.

ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో ఒక సంగతి గమనించాం. పల్లె రోడ్డు మీద ఎదురుగా కారొస్తే, నడిపే మనిషి స్టీరింగు మీది నుంచి చూపుడువేలు ఒక్కటి పైకెత్తుతాడు. అదే పలకరింపు. మొదటి వారం మేము కొత్త మొహాలం, వేలు లేచేది కానీ కాస్త ఆలోచించి లేచేది. తర్వాత తర్వాత చూడగానే లేచేది. ఒకే ఊళ్లో ఉండిపోవడం అంటే నాకు అదే. పది రోజుల్లో ఆరు దేశాలు చూసొచ్చిన బంధువులున్నారు మాకు. వాళ్లను తప్పుపట్టను, ఎవరి వీలు వాళ్లది. కానీ ఆ వేలు వాళ్ల కోసం లేవదు. టైము చాలదు దానికి.

పక్కింటావిడ గురించి చెప్పాలి. డెబ్బై దాటిన మనిషి, రిటైర్డ్ నర్సు. పేరు చెప్పను, ఆమెకు ఇష్టముండదు. నేను "అక్కా" అనే పిలిచాను. ఆ మాటకు అర్థం చెబితే, "నాకు చెల్లెళ్లు లేరు, అట్లనే పిలువు" అంది. మాంసం తినమని తెలియగానే ఒక రోజు నన్ను వంటింట్లోకి పిలిచింది, బ్రౌన్ బ్రెడ్ చేసి చూపిస్తానని.

ఈ వంట కాస్త వివరంగా చెబుతాను, ఆడవాళ్లూ మగవాళ్లూ అందరూ వినండి. గోధుమపిండి, జల్లించని ముతకపిండి. దాంట్లో కొంచెం మైదా, ఉప్పు, వంటసోడా. ఈస్టు లేదు. మరి పొంగడానికి ఏం పోసింది? మజ్జిగ! చిక్కటి పుల్లమజ్జిగ. ఆ పులుపుకు సోడా పొంగుతుంది. పిండిని పిసకదు. చెయ్యి పంజాలా పెట్టి నాలుగు తిప్పులు తిప్పుతుంది, అంతే. ఎక్కువ కలిపితే గట్టిపడుతుందట. గుండ్రంగా చేసి పైన కత్తితో లోతుగా రెండు గీతలు, అడ్డం ఒకటి, నిలువు ఒకటి. ఎందుకక్కా అంటే, ఫెయిరీలు, అంటే వాళ్ల కథల్లోని మాయాజీవులు, బయటికి పోవడానికి అంది. ఓవెన్‌లో ముప్పావు గంట. తీశాక బ్రెడ్డును బోర్లించి అడుగున వేళ్లతో టక్‌టక్‌మని కొట్టి చెవి పెట్టి వింది. బోలుగా మోగితే ఉడికినట్టు. మా అమ్మ కుండ కొనేటప్పుడు అట్లనే కొట్టి వినేది. ఆ మోత విన్నప్పుడు నాకు కళ్లనీళ్లు వచ్చాయి. ఆమె బ్రెడ్డును బట్టలో చుట్టి, ఇంకా వేడిగా ఉండగానే నా చేతిలో పెట్టింది.

మార్గరెట్ కూడా ఆ బ్రెడ్డు తినే పెరిగి ఉంటుంది. కజిన్స్ దంపతులిద్దరూ శాకాహారులు, ఆ సంగతి మీకు తెలుసా? ఐర్లండ్‌లో, ఆ రోజుల్లో! ఆమె డబ్లిన్‌లో సంగీతం చదివింది, 1903లో జేమ్స్ కజిన్స్‌ను పెళ్లాడింది. 1908లో స్నేహితురాలితో కలిసి ఆడవాళ్ల ఓటు హక్కు కోసం సంఘం పెట్టింది. ఆ పోరాటంలో లండన్‌లో జైలుకు పోయింది, మళ్లీ 1913లో ఐర్లండ్‌లోనే జైలుకు పోయి నిరాహార దీక్ష చేసింది. 1915లో ఇద్దరూ మద్రాసు వచ్చారు. జేమ్స్‌కు అనీబిసెంట్ గారి పత్రికలో ఉద్యోగం. మరుసటి ఏడు డబ్లిన్‌లో బ్రిటిష్ పాలన మీద ఈస్టర్ తిరుగుబాటు జరిగితే దాన్ని మెచ్చుకుంటూ రాశాడు, ఉద్యోగం పోయింది. అప్పుడు వచ్చాడు మన మదనపల్లెకు, పాఠాలు చెప్పడానికి. ఆ వ్యాసం రాయకపోయి ఉంటే? ఠాగూర్ ఇక్కడికి వచ్చేవారా? ఆ పాట ఇక్కడ పాడేవారా? నాకైతే అనుమానమే.

తర్వాతిది మీకు తెలిసిన కథే, త్వరగా చెప్పేస్తాను. 1917లో భారతీయ మహిళా సంఘం, ఆ ఏడాది చివర్లో మన హైదరాబాద్ సరోజినీ నాయుడుతో కలిసి భారత వ్యవహారాలు చూసే బ్రిటిష్ మంత్రి మాంటేగు దగ్గరికి వెళ్లి ఆడవాళ్లకు ఓటు అడగడం, 1927లో అఖిల భారత మహిళా సమావేశం, 1932లో వేలూరు జైలు. ఓటు కోసం ఒక దేశంలో జైలుకు పోయిన మనిషి, ఇంకో దేశపు స్వేచ్ఛ కోసం మళ్లీ జైలుకు పోయింది. 1954లో మద్రాసులో పోయింది. జేమ్స్ రెండేళ్ల తర్వాత ఇక్కడే, మన ఊళ్లోనే కన్నుమూశాడు. నలభై ఏళ్లు! మేము నలభై రెండు రోజులు ఉండి వచ్చి మీకు గంటసేపు చెబుతున్నాం. వాళ్లు నలభై ఏళ్లు ఉన్నారు.

రాళ్లు, సరస్సు, సైనికులు

ఆ ఊళ్లో చూడాల్సింది ఏముంది అని మా చెల్లెలు అడిగింది. ఉంది. మఠం ఉంది. సిస్టర్సియన్ అనే క్రైస్తవ సన్యాసులు 1161లో మొదలుపెట్టారు. ఇప్పుడు పైకప్పు లేదు. లోపల నిలబడి రెండు పక్కలా చూడండి. దక్షిణం వైపు వంపులన్నీ అర్ధచంద్రాకారంగా ఉంటాయి, ఉత్తరం వైపువి పైన మొనదేలి ఉంటాయి. ఎందుకు? కట్టడానికి అరవై ఏళ్ల దాకా పట్టింది, కడుతూ ఉండగానే శైలి మారిపోయింది. తాత చెక్కిన పని ఒక పక్క, మనవడి పని ఒక పక్క. మొదటిసారి వెళ్లినప్పుడు మాకిది కనిపించనే లేదు. మూడోసారి మా ఆయన చూశారు, లెక్కల కళ్లు కదా! నాలుగోసారి స్తంభాల పైన చెక్కిన చిన్న చిన్న మనుషులు, జంతువులు కనిపించాయి.

ఊరికి దగ్గర్లోనే లాఖ్ కీ అనే సరస్సు ఉంది, నిండా దీవులు. అందులో ఒక దీవి మీద ఊనా అనే అమ్మాయి సమాధి ఉందంటారు. మక్‌డెర్మట్ దొర కూతురు. తోమాస్ అనేవాణ్ణి ప్రేమించింది, తండ్రి ఒప్పుకోలేదు. అమ్మాయి మంచం పట్టింది. తోమాస్ చూసి వెళుతూ, నేను వాగు దాటేలోపు కబురొస్తేనే వెనక్కి తిరుగుతానని ఒట్టు పెట్టుకున్నాడు. వాగు మధ్యలో గుర్రాన్ని ఆపి చాలాసేపు చూశాడట. రాలేదు. ఒడ్డెక్కాడు. ఎక్కిన మరుక్షణం కబురొచ్చింది. ఒట్టు ఒట్టే కదా, తిరగలేదు. ఆ అమ్మాయి చనిపోయింది. తర్వాత ప్రతి రాత్రీ ఈదుకుంటూ సమాధి దగ్గరికి పోయేవాడట, చివరికి అతణ్ణీ అక్కడే పూడ్చారు. రెండు సమాధుల మీద మొలిచిన చెట్లు ఒకదాన్నొకటి పెనవేసుకున్నాయని చెబుతారు. పక్కింటి అక్క ఈ కథ చెబుతూ వాగు దగ్గర ఆగిపోయింది, ఆమె గొంతు పెగల్లేదు.

కింగ్ హౌస్ అని పెద్ద భవనం ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో జమీందారు కుటుంబం కట్టుకుంది, తర్వాత సైనిక బ్యారక్స్ అయింది. కనాట్ రేంజర్స్ అనే, బ్రిటిష్ సైన్యంలోని ఐరిష్ వాళ్ల పటాలం అక్కడ ఉండేది. ఆ పేరు విన్నారా? విని ఉండరు. ఆ పటాలం 1920 జూన్‌లో మన దేశంలోనే, జలంధర్‌లో ఉంది. ఐర్లండ్‌లో తమవాళ్ల మీద బ్రిటిష్ బలగాలు చేస్తున్న అఘాయిత్యాలు ఉత్తరాల్లో తెలిసి, ఇక మీకు కొలువు చెయ్యం అని తుపాకులు కింద పెట్టేశారు. సోలన్‌లో ఉన్నవాళ్లూ కదిలారు. వాళ్లకు ముందు నిలబడిన జేమ్స్ డేలీ అనే కుర్రవాణ్ణి ఆ ఏడాది నవంబర్ 2న దగ్‌షాయి జైల్లో కాల్చి చంపారు. అతని అవశేషాలను 1970లో గానీ సొంత దేశానికి తీసుకుపోలేకపోయారు. యాభై ఏళ్లు ఆ బిడ్డ మన మట్టిలోనే ఉన్నాడు.

ఇప్పుడు ఆ భవనంలోనే మ్యూజియం, అక్కడే లైబ్రరీ. శనివారం ఆవరణలో చిన్న సంత. అక్కడే నేను ఉర్లగడ్డలు కొనేదాన్ని.

ఉర్లగడ్డ దగ్గర కాసేపు ఆగుతాను. ఈ హాల్లో టమోటా రైతులు ఉన్నారు కదా? మన టమోటా మార్కెట్టు సంగతి దేశానికంతా తెలుసు. వానలు పట్టినప్పుడు ఆకుల మీద నల్లమచ్చ పడి, కాయ కుళ్లి, వారంలో తోటంతా మాడిపోతుందే, లేట్ బ్లైట్ అంటారు, గుర్తొచ్చిందా? 1845లో ఐర్లండ్‌లో ఉర్లగడ్డకు పట్టింది అదే తెగులు. అచ్చంగా అదే. అక్కడి వాతావరణ శాఖ ఇప్పటికీ తేమ, వేడి చూసి బ్లైట్ హెచ్చరిక ఇస్తుంది. ఒక పొద్దున అక్క రేడియోలో ఆ మాట వచ్చింది. ఆమె చేతిలో పని ఆపి, పెరట్లోకి పోయి ఆకులు తిప్పి తిప్పి చూసింది. నూట ఎనభై ఏళ్లయింది. అయినా చూసింది.

ఆ కరువులో పది లక్షల మంది పోయారు, ఇంకో పది లక్షల మంది దేశం వదిలారు. ఒక్క రాస్‌కామన్ కౌంటీలోనే, అంటే బాయిల్ ఉన్న జిల్లాలోనే, పదేళ్లలో జనం దాదాపు మూడో వంతు తగ్గిపోయారు. పేదవాడికి ఉర్లగడ్డ తప్ప వేరే తిండి లేదు. గోధుమలు, ఓట్స్, పశువులు ఉన్నాయి, కానీ అవి ఓడలెక్కి ఇంగ్లండుకు పోయేవి. స్ట్రోక్స్‌టౌన్ అని దగ్గర్లో ఊరుంది, అక్కడ జాతీయ కరువు మ్యూజియం. అక్క కారులో తీసుకుపోయింది. 1847లో ఆ ఎస్టేటు జమీందారు 1,490 మంది కౌలుదారులను ఊరి నుంచే పంపించేశాడు. కాలవ గట్టు వెంట డబ్లిన్ దాకా నడిచారు, ఆకలి కడుపులతో. వెనక్కి తిరిగి రాకుండా వెంట ఒక మనిషిని కూడా పెట్టారు. లివర్‌పూల్ నుంచి కెనడా ఓడలెక్కారు, వందలమంది దరి చేరలేదు. వాళ్లు నడిచిన దారిలో ఇప్పుడు అక్కడక్కడ కంచుతో చేసిన పిల్లల బూట్లు పెట్టారు. ఒక జత దగ్గర నేను కూర్చున్నాను. లేసు ముడి కూడా పోతపోశారు. నా అరచేతిలో పట్టేంత ఉంది ఒక్కొక్కటి.

మన ధాత కరువు గుర్తు రాలేదా అని మా ఆయన అడిగారు. ఎందుకు రాదు? 1876లో మన కడప, కర్నూలు, బళ్లారి సీమలో జనం పిట్టల్లా రాలిపోయారు, అప్పుడూ ధాన్యం రేవులకు పోతూనే ఉంది. ఇంకొకటి వినండి. ఐర్లండ్ కరువులో లండన్ ఖజానా నుంచి సాయాన్ని బిగబట్టిన అధికారి చార్లెస్ ట్రెవెల్యాన్. ఆయన తర్వాత ఏమయ్యాడు? 1859లో మన మద్రాసు గవర్నరుగా వచ్చాడు. రెండు దేశాల ఫైళ్లూ అదే చేతుల్లో తిరిగాయి.

చావింట్లో టీ

మేమున్న అయిదో వారంలో అక్క వాళ్ల చిన్నాన్న పోయాడు, తొంభై ఒకటేళ్లు. అక్కడ రేడియోలో చావు కబుర్లు చదువుతారు, ఏ రోజు ఏ ఇంట్లో, ఏ చర్చిలో అని. ఊరంతా కదిలింది. మేమూ పోవాలా వద్దా అని సందేహం. మా ఆయన అన్నారు, "ఆమె మనకు బ్రెడ్డు చేసి పెట్టింది, పోకుండా ఎట్లుంటాం?"

ఇంట్లోనే పెట్టెలో పెట్టారు. చుట్టూ కుర్చీల్లో బంధువులు. వచ్చినవాళ్లంతా వరసగా నడుస్తూ ఒక్కొక్కరి చెయ్యి పట్టుకుని ఒకే మాట అంటారు, మీకొచ్చిన కష్టానికి బాధగా ఉంది అని. పదిమంది ఉంటే పదిమందికీ. కొత్త మాట వెతుక్కోవాల్సిన పని లేదు, ఆ మాట ఎప్పటినుంచో సిద్ధంగా ఉంది. నేనూ అదే అన్నాను. తర్వాత వంటింట్లోకి తీసుకుపోయి టీ, శాండ్‌విచ్ పెట్టారు. మనమైతే చావింట్లో మంచినీళ్లు కూడా ముట్టం, ఇంటికొచ్చి తలస్నానం చేస్తాం. నేను కప్పు పట్టుకుని ఒక్క నిమిషం నిలబడిపోయాను. అక్క చూసింది, ఏమీ అనలేదు. తాగాను. ఆ ఇంటివాళ్లకు అదే మర్యాద, నాకు ఇంకో ఆలోచన రాలేదు. మరుసటి రోజు గోతిని తవ్వింది కూలివాళ్లు కాదు, ఇరుగుపొరుగు.

ఇక ఒక కష్టమైన సంగతి చెప్పకుండా కూర్చోలేను. జులై 19న డబ్లిన్ శివారు టాలాలో ఒక భారతీయుణ్ణి కొందరు దారుణంగా కొట్టారు. టీవీల్లో మీరూ చూశారు. ఇక్కడి నుంచి ఫోన్ల మీద ఫోన్లు, వెంటనే వచ్చేయండి అని. టెన్షన్ పడ్డాం, అబద్ధం చెప్పను. రెండు రోజులు సాయంత్రం నడకకు పోలేదు. మూడో రోజు అక్క తలుపు కొట్టింది, వెనక పేపరు కొట్టాయన, ఇంకో ఇద్దరు. "మీరు నడకకు రావడం లేదని చూశాం. మేమూ వస్తాం, పదండి" అన్నారు. అంతే. ఆరుగురం నది వెంట నడిచాం, వాన పడుతూనే ఉంది. పెద్ద నగరంలో ఒంటరిగా ఉండే మన పిల్లలకు ఆ నలుగురు ఉండరు కదా అని ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అక్కడి ఆసుపత్రుల్లో మన నర్సులు ఎందరో పనిచేస్తున్నారు. వాళ్లకు భయం లేకుండా చూడాల్సింది ఆ దేశమే, ఈ మాట అక్కతోనూ అన్నాను. ఆమె కూడా నర్సే. తల ఊపింది.

వచ్చే ముందు రోజు రాత్రి వాళ్లింట్లో భోజనం. నేను ఉర్లగడ్డ వేపుడు, చారు చేశాను. తిన్నాక, మీ ఊళ్లో మా పిల్ల రాసిపెట్టిన పాట పాడండి అన్నారు. మా పిల్ల అన్నారు! మేమిద్దరం లేచి నిలబడ్డాం. వాళ్లూ నిలబడ్డారు. పాడాం. అయిపోయాక అక్క అడిగింది, ఆ కాలేజీ ఇంకా ఉందా అని. ఉంది, మా ఇంటికి నడిచిపోయేంత దూరం అన్నాను.

అందుకే ఈ సభ. అక్క, ఆమె భర్త వచ్చే జనవరిలో వస్తున్నారు. ఆరు వారాలు ఉంటారు. మా ఇల్లు మేడ మీద, ఆయనకు మోకాళ్ల నొప్పి, మెట్లు ఎక్కలేరు. కాలేజీకి దగ్గర్లో, కింది అంతస్తులో, వంటిల్లు ఉన్న రెండు గదుల ఇల్లు కావాలి. అద్దె ఇస్తారు. ఓవెన్ నేను చూసుకుంటాను. మీలో ఎవరికైనా తెలిస్తే, వెళ్లేలోపు ఈ తలుపు దగ్గర మా ఆయన పుస్తకం పట్టుకుని కూర్చుని ఉంటారు, ఆయనకు చెప్పి పోండి.